చివావా పిల్లకు బెల్లం ముక్క



ఈవేళ ముచ్చటించబోయే సంగతి వినగానే కొందరికి నవ్వు రావచ్చు. చెరకులో పీకపురుగు గురించో, ఎర్రకుళ్ళు తెగులు గురించో చెప్పవలసినవాడు కుక్కపిల్లల ఊసెత్తాడేమిటి అనుకోవచ్చు. కాని అడిగేవాళ్ళు ఎక్కువైనారు. విశాఖపట్నంలోనో హైదరాబాదులోనో ఉద్యోగం చేసే పిల్లలు ముచ్చటపడి అరచేతిలో ఇమిడే కుక్కను కొంటారు. కొన్నాళ్ళకు బదిలీ అయిందనో, అద్దె ఇంటివారు ఒప్పుకోలేదనో దాన్ని తెచ్చి ఊళ్ళో అమ్మానాన్నల దగ్గర వదిలి వెళతారు. తుమ్మపాలలో ఒక పెద్దాయన అటువంటిదాన్ని ఒళ్ళో పెట్టుకుని, "ఇదేటి బాబూ, కుక్కా, పందికొక్కా? దీనికేటి పెట్టాలి?" అని అడిగాడు. ఆయన అడిగిన రెండో ప్రశ్నకే ఇవాళ జవాబు.

ఆ జాతి పేరు చివావా. మెక్సికో దేశంలో ఆ పేరుగల రాష్ట్రం ఉంది. అక్కడినుంచి అమెరికా వాళ్ళకు చేరింది. 1908లో అమెరికా కుక్కల సంఘం పుస్తకంలో ఈ జాతి కుక్క పేరు మొదటిసారి ఎక్కింది. వాళ్ళ లెక్కలో పెరిగిన కుక్క ఆరు పౌన్లు, అంటే రెండు కిలోల ఏడు వందల గ్రాములు దాటకూడదు. మన కళ్ళం దగ్గర కాపలా పడుకునే నాటు కుక్క పదిహేను కిలోలు తూగుతుంది. తేడా బరువులో ఒక్కటే ఉన్నట్టు కనబడుతుంది. కాని నాటు కుక్కకు ఒక పూట ఎగ్గొడితే సాయంత్రానికి ఎక్కడో ఏదో వెతుక్కుని తింటుంది. చివావా పిల్లకు ఒక పూట ఎగ్గొడితే ప్రాణం మీదికి వస్తుంది. అసలు చిక్కంతా ఇక్కడ ఉన్నది కనుక ముందు దాన్నే చెబుతాను.

ఏ జంతువుకైనా నెత్తురులో కొంత చక్కెర తిరుగుతూ ఉండాలి. మెదడు పనిచేసేది దానితోనే. తిండి లేనప్పుడు కాలేయంలో దాచుకున్న నిల్వ కరిగి నెత్తురులోకి వస్తుంది. నెలన్నర నుంచి నాలుగు నెలల వయసు వరకు ఈ చిట్టి జాతుల పిల్లలకు ఆ నిల్వ బహు తక్కువ. కండా కొవ్వూ కూడా తక్కువే. పైగా ఒళ్ళు చిన్నది కావడంవల్ల వేడి త్వరగా పోతుంది, ఆ వేడిని నిలుపుకోవడానికి ఉన్న చక్కెర కాస్తా ఖర్చవుతుంది. బస్సు ప్రయాణం, కొత్త ఇల్లు, చలి, విరేచనాలు, కడుపులో పురుగులు వీటిలో ఏ ఒక్కటి వచ్చినా పిల్ల తిండి మానేస్తుంది. ఐదారు గంటలు గడిచేసరికి మగతగా పడిపోతుంది. లేచి నడిస్తే తాగినవాడిలా తూలుతుంది. చెవులూ కాళ్ళూ చల్లబడతాయి, ఒళ్ళు వణుకుతుంది. అప్పటికీ పట్టించుకోకపోతే ఫిట్లు వచ్చి, స్పృహ తప్పి చనిపోతుంది.

ఊళ్ళో జరుగుతున్నదేమిటంటే, నోట నురగ, కాళ్ళు కొట్టుకోవడం చూసి "పిచ్చెక్కింది" అంటారు. కర్ర పట్టుకుని ఒకరు, గోనెసంచి పట్టుకుని ఒకరు బయలుదేరుతారు. కొందరు "గాలి సోకింది" అని దిష్టి తీస్తారు. ఇటు కర్ర దెబ్బకో, అటు ఆలస్యానికో పిల్ల పోతుంది. దాన్ని బతికించే మందు మాత్రం మన వంటింట్లోనే, అటక మీద దిమ్మల కొద్దీ ఉంటుంది. అనకాపల్లి బెల్లం.

ఒక చెంచాడు బెల్లం పొడిని రెండు చెంచాల గోరువెచ్చని నీళ్ళలో కరిగించి గుడ్డలో వడకట్టండి. పంచదార నీళ్ళయినా, తేనె అయినా సరే. పిల్లకు మింగే స్పృహ ఉంటే చెంచాతో కొంచెం కొంచెం నాకించండి. స్పృహ లేకపోతే గొంతులో పొయ్యకండి. అది ఊపిరితిత్తుల్లోకి పోయి ఇంకో ప్రమాదం తెస్తుంది. చెంచా కాడకు మెత్తని గుడ్డ చుట్టి, పాకంలో ముంచి చిగుళ్ళకు రాయండి. వేలు పెట్టవద్దు, ఫిట్లలో దవడ బిగుసుకుంటుంది. గానుగ దగ్గర పెనంలో ఉడికే వేడి పాకం తెచ్చి రాస్తే నోరు కాలిపోతుంది, అదీ జ్ఞాపకం పెట్టుకోండి. రాసిన తరువాత పిల్లను పాత దుప్పటిలో చుట్టి, వేడినీళ్ళ సీసాకు గుడ్డ చుట్టి పక్కన ఉంచండి. చక్కెర లోపమే కారణమైతే కొద్ది నిమిషాల్లోనే తల ఎత్తి చూస్తుంది. చూసింది కదా అని వదిలెయ్యకూడదు. వెంటనే మెత్తని అన్నంలో ఉడికించిన గుడ్డు కలిపి పెట్టి, పశువైద్యుని దగ్గరకు తీసుకుపోవాలి. బెల్లం నీళ్ళు నిలబెట్టేది కాసేపే. తిండి ఎందుకు మానిందో ఆయన చూడాలి.

మరి నిజంగా పిచ్చి అయితేనో? ఆ అనుమానం న్యాయమైనదే. నాలుగు నెలల లోపు పిల్ల, ఉదయం దాకా బాగానే ఉంది, పూట తిండి తప్పింది, ఏ కుక్కా దాన్ని కరవలేదు అన్నప్పుడు చక్కెర లోపం అనుకోవడానికి ఆధారం ఉంది. పిచ్చి వ్యాధి గంటలో వచ్చి గంటలో పోయేది కాదు. ఒకటి రెండు రోజులు కుక్క నడవడి మారుతుంది, మూల నక్కుతుంది, లేదా కారణం లేకుండా కర్రనూ గోడనూ కరుస్తుంది. గొంతు బొంగురుపోతుంది, దవడ వేలాడి చొంగ కారుతుంది, వెనక కాళ్ళు పడిపోతాయి. బయటి కుక్క కరిచిన జాడ ఉన్నా, ఈ లక్షణాలు కనబడినా నోటి దగ్గర ఏ పనీ పెట్టుకోవద్దు. గదిలో పెట్టి తలుపు మూసి పశువైద్యునికి కబురు చెయ్యండి. ముక్కు కారుతూ, కంట్లో పుసులతో, ఫిట్లు వస్తుంటే అది డిస్టెంపర్ అనే వేరే జబ్బు కావచ్చు. దానికీ బెల్లం మందు కాదు.

ఈ స్థితి రానివ్వకుండా ఉండటానికి చెయ్యవలసింది చిన్న పని. నాలుగు నెలల దాకా రోజుకు నాలుగైదుసార్లు, కొంచెం కొంచెంగా పెట్టాలి. రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి తప్పనిసరి. పెద్దయ్యాక రెండు మూడు పూటలు చాలు.

ఇక బెల్లం గురించే ఇంకో మాట. ఆపదలో మందు అన్నాను గదా అని రోజూ ముక్క పెట్టేవారున్నారు. "మనం తింటున్నాం, అది మాత్రం ఏం పాపం చేసింది" అంటారు మన ముసలమ్మలు. లెక్క చూడండి. రెండు కిలోల చివావాకు రోజు మొత్తానికి కావలసింది సుమారు 160 నుంచి 190 కాలరీల తిండి. ఉడికిన గుడ్డు ఒక్కటే 70 కాలరీలు. నాలుగు గ్లూకోజ్ బిస్కెట్లు 80 పైచిలుకు, అంటే సగం రోజు తిండి. తాతగారు టీలో ముంచి ఒకటి, నానమ్మ ఒకటి, బడినుంచి వచ్చిన పిల్లలు రెండు. ఎవరికి వారు "ఒక్కటే పెట్టాను" అంటారు. అన్నం పెట్టేసరికి కుక్క మొహం తిప్పుకుంటుంది. "మా కుక్కకు అన్నం సయించదు" అని మళ్ళీ నా దగ్గరకే వస్తారు! కొవ్వు పట్టిన చివావాకు మోకాటి చిప్పలు పక్కకు జారతాయి, ఆయాసం వస్తుంది. తీపి పళ్ళకూ చేటు. ఈ జాతికి పాలపళ్ళు ఊడకుండానే పక్కన కొత్త పళ్ళు మొలిచి, ఇరుకున పాచి పట్టి పుచ్చుతాయి. ఆరేడు నెలల వయసులో నోరు తెరిచి చూసి, జంట పళ్ళు ఉంటే వైద్యునికి చూపించాలి.

మెత్తగా వండిన అన్నం, ఉప్పూ కారం వెయ్యని పెసరపప్పు, ముల్లు తీసిన చేప గానీ ఎముక లేని కోడిమాంసం గానీ, ఉడికిన గుమ్మడి, కారట్ ముక్క, కొంచెం పెరుగు. ఇది మన ఇళ్ళల్లో సమకూడేదే. ఉత్త పెరుగన్నంతో నెట్టుకురావద్దు. కుక్కకు మాంసకృత్తులు కావాలి. దుకాణంలో దొరికే చిన్నజాతి కుక్కల పొడి మేత పెట్టేవారు సంచి మీద రాసిన తూకం ప్రకారం పెట్టండి. కూడనివి కొన్ని ఉన్నాయి. ఉల్లి, వెల్లుల్లి నెత్తురు కణాలను చెడగొడతాయి, పులుసన్నం అందుకే పనికిరాదు. ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండాలను దెబ్బతీస్తాయి; పండుగ పాయసం గిన్నె నాకించేవారు ఈ సంగతి గమనించాలి. చాకొలెట్టు విషమే. వండిన కోడి ఎముక చీలి గొంతులో, పేగులో గుచ్చుకుంటుంది.

మందుల విషయంలో ఇంకా ఎక్కువ భయం. కుక్కను ముట్టుకుంటే వెచ్చగా ఉంటుంది, జ్వరమని మన మాత్ర వేస్తారు. కుక్క ఒంటి వేడి మామూలుగానే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది. అది జ్వరం కాదు. పారాసిటమాల్ 500 మిల్లీగ్రాముల మాత్రను అరవై కిలోల మనిషి వేసుకుంటే కిలోకు ఎనిమిది మిల్లీగ్రాములు. రెండు కిలోల కుక్కకు వేస్తే కిలోకు 250. దాని కాలేయం ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. అట్లాగే గేదెల పిడుదుల కోసం కలిపిన మందునీళ్ళలో దీన్నీ ముంచుతారు. వద్దు. పిడుదులు చేతి చిమటాతో తీసి, కుక్క బరువు చెప్పి దానికి తగిన మందు అడిగి తెచ్చుకోండి. పిడుదులు పట్టిన కుక్క తిండి మానేసి, చిగుళ్ళు పాలిపోయినా, ముక్కునుంచి నెత్తురు వచ్చినా పిడుదుల జ్వరం అనుమానించాలి. చెరకు తోటలో ఎలుకల మందు పెట్టిన రోజుల్లో దీన్ని గట్టు మీదికి కూడా తీసుకుపోవద్దు. పొరపాటున తిన్నట్టు అనుమానం వస్తే మందు పొట్లంతో సహా ఆస్పత్రికి పరుగెత్తండి.

దీని నడవడి సంగతి. "ఊరికే వణుకుతుంది, ఊరికే అరుస్తుంది" అని ఫిర్యాదు. వణుకు సగం చలికి, సగం భయానికి. ధనుర్మాసంలో తెల్లవారుజామున దీనికి ఒక పాత స్వెట్టరు చెయ్యి కత్తిరించి తొడిగితే చాలు. భయం న్యాయమే గదా! మన పాదం దాని కళ్ళకు కొండలా కనబడుతుంది. అరిచిన ప్రతిసారీ ఎత్తుకుని బుజ్జగిస్తే, అరిస్తే ఎత్తుకుంటారని నేర్చుకుంటుంది. అరుపు ఆపినప్పుడు పలకరించండి. చిన్నపిల్లలు నిలబడి ఎత్తుకోకూడదు, నేల మీద కూర్చునే ఒళ్ళో పెట్టుకోవాలి. ఈ జాతిలో చాలావాటికి పసిబిడ్డల మాదిరి నడినెత్తిన మాడు పూడకుండా ఉంటుంది; నడుము ఎత్తునుంచి పడినా ప్రమాదమే. మెడకు పట్టీ కట్టి లాగితే గాలిగొట్టం నలుగుతుంది కనుక ఛాతీ చుట్టూ వచ్చే పట్టీ కట్టండి. కాపలాకు పనికొస్తుందా అంటే, నా మటుకు నేను కళ్ళానికి నాటు కుక్కనే నమ్ముతాను. ఇది అరిచి లేపగలదు, అంతే.

ఆడకుక్క అయితే వీధి కుక్కలతో కలవనీయకండి. తండ్రి పెద్దదైతే పిల్లల తల పెద్దదై కాన్పు అడ్డం తిరుగుతుంది. అదే జాతితో కట్టినా చాలాసార్లు కోసి తియ్యవలసి వస్తుంది. పిల్లలు అక్కరలేనివారు ముందే గర్భసంచి ఆపరేషను చేయించడం మేలు.

ఇక చివరిది, మనుషులకు సంబంధించినది. "ఇంత కుక్క, దీని పన్ను దిగితే మాత్రం ఏమవుతుంది" అనే మాట వింటున్నాను. పిచ్చి వ్యాధి క్రిమికి కుక్క సైజుతో పని లేదు, చొంగతో పని. టీకా కూడా అంతే. పురుగుల మందు తూకాన్ని బట్టి ఇస్తారు గాని, పిచ్చి టీకా మోతాదు చిన్న కుక్కకూ పెద్ద కుక్కకూ ఒకటే. మూడు నెలల వయసులో మొదటిది, తరువాత వైద్యుడు చెప్పిన ప్రకారం ఏటేటా వేయించాలి. చిన్నవాటికి టీకా తరువాత ఒక్కోసారి మొహం వాస్తుంది కనుక అరగంట ఆస్పత్రి అరుగు మీదే కూర్చుని రండి. డిస్టెంపర్, పార్వో టీకాలు దీనికంటే ముందే, ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలవుతాయి.

ఇంటి కుక్క అయినా, వీధి కుక్క అయినా కరిస్తే, గోరు గీరి నెత్తురు వచ్చినా, ముందు సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో పదిహేను నిమిషాలు కడగండి. గడియారం చూసి పదిహేను నిమిషాలు. కారం, సున్నం, పసుపు, కాఫీపొడి అద్దవద్దు, కట్టు బిగించవద్దు. ఆ రోజే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులనే భయం ఇంకా పెద్దవాళ్ళలో ఉంది. గొర్రె మెదడునుంచి తీసిన ఆ పాత మందును 2005 నాటికే మన దేశంలో ఆపేశారు. ఇప్పుడు సూది చేతికి వేస్తారు. చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. కండకు వేసే పద్ధతిలో పద్నాలుగో రోజు కూడా ఉంటుంది. నెత్తురు వచ్చిన గాయమైతే గాయం చుట్టూ వేసే సీరం కూడా అడగండి. కరిచిన కుక్కను చంపకుండా కట్టివేసి పది రోజులు చూడండి. పదో రోజుకు అది తింటూ తిరుగుతూ ఉంటే, కరిచిన నాడు దాని చొంగలో ఆ క్రిమి లేదని అర్థం. మిగిలిన సూదుల విషయం అప్పుడు డాక్టరుగారు చెబుతారు. మొదటి సూదికి మాత్రం ఆ పది రోజులు ఆగకూడదు.