ఫినాయిల్ వాసనకు పార్వో చావదు

పోయిన వేసవిలో హైదరాబాద్‌లో ఒక ఇంటికి వెళ్లాను. వీధి పిల్లుల్ని చేరదీసే చిన్న ఆశ్రయం అది. రెండు గదులు, మేడ మీద రేకుల షెడ్డు, 20 దాకా పిల్లులు. గేటు తీయగానే ఫినాయిల్ ఘాటు గుప్పుమంది. "రోజూ రెండు పూటలా కొడుతున్నా మేడమ్, ఒక్క పురుగు బతకదు" అంది పనమ్మాయి గర్వంగా. ఆమె వెనక మూలన బూడిదరంగు కూన ఒకటి నీళ్ల గిన్నె మీదికి తల వాల్చి కూర్చుంది. గడ్డం నీళ్లకు తగులుతోంది. తాగడం లేదు, లేవడమూ లేదు. ఈ జబ్బు ఒకసారి చూసినవాళ్లు ఆ కూర్చోవడం మరిచిపోరు. ఆ వారంలో పడకేసిన నాలుగో కూన అది.

జబ్బు ఫెలైన్ పాన్‌ల్యూకోపీనియా. క్లినిక్కుల్లో, పెంపకందార్ల గ్రూపుల్లో 'పిల్లి పార్వో' అంటే అందరికీ అర్థమవుతుంది. నా గొడవ జబ్బుతో కాదు, ఆ గ్రూపుల్లోనే తిరుగుతున్న ఒక సలహాతో: "కూన పోయిందా? ఇల్లంతా ఫినాయిల్‌తో కడిగి, మూడు రోజులాగి కొత్తదాన్ని తెచ్చుకోండి." దీన్ని ఎవరు పుట్టించారో గానీ, ఎన్ని కూనల ఉసురు పోసుకున్నారో వాళ్లకు తెలిసి ఉండదు.

కోవిడ్ రోజుల్లో మనందరం ఒక పాఠం నేర్చుకున్నాం: సబ్బు, శానిటైజర్ తగిలితే వైరస్ చస్తుంది. కరోనాకు అది నిజమే. దాని ఒంటి మీద కొవ్వు పొర ఉంటుంది. సబ్బుకో స్పిరిటుకో ఆ పొర కరిగిపోతే వైరస్ పనైపోతుంది. పార్వోకు కరగడానికి ఆ పొరే లేదు. గట్టి ప్రొటీన్ గుల్ల తప్ప మరేమీ లేదు. అందుకే చేతికి శానిటైజర్ రాసుకుని ఒక బోను నుంచి ఇంకో బోనుకు వెళ్లే వాలంటీరు వైరస్‌ను చంపడం లేదు, మోసుకెళ్తున్నాడు. ఫినాయిల్ సంగతీ అంతే. ఎండిన మలంలో, గోనె పోగుల్లో, నేల పగుళ్లలో ఈ వైరస్ ఏడాది దాకా బతికి ఉండగలదు. మనవాళ్లిచ్చే గడువు మూడు రోజులు.

వైరస్ చావకపోతే పోనీ, శుభ్రమైనా అవుతుంది కదా అంటారు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. నల్ల ఫినాయిల్‌లో ఉండేవి ఫినాల్ జాతి రసాయనాలు. వాటిని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి సరిగా లేదు. కడిగిన నేల మీద నడుస్తుంది, పాదాలు నాకుతుంది. పిల్లి రోజంతా చేసే పనే అది. అంటే మందు నేరుగా కడుపులోకే పోతోంది. అసలే వాంతులతో నీరసించిన కూనకు ఇది మూలిగే నక్క మీద తాటిపండు. మేం వాడేది నల్లది కాదండీ, తెల్లది అని కొందరు సమర్థించుకుంటారు. తెల్లదాంట్లో సాధారణంగా ఉండేది పైన్ నూనె. వాసన కాస్త మర్యాదగా ఉంటుంది, అంతే. పార్వోను అదీ చంపదు, పిల్లికి అదీ పడదు.

మరి చంపేదేమిటి? చవకైనదే: సోడియం హైపోక్లోరైట్, అంటే బట్టలకు వాడే బ్లీచ్. అయిదు శాతం ద్రావణమైతే లీటరు నీళ్లకు 30 మిల్లీలీటర్లు. కానీ ఇల్లలకగానే పండగ కాదు. ముందు గదిలోంచి పిల్లుల్ని తీసేయాలి. మలం, వాంతి, వెంట్రుకలు ఎత్తేసి, డిటర్జెంటుతో రుద్ది కడగాలి. మురికి మీద పోస్తే బ్లీచ్ శక్తి ఆ మురికితోనే సరి. కడిగాక బ్లీచ్ నీళ్లు పోసి నేలను పది నిమిషాలు తడిగా ఉంచాలి. మన చేతులకు ఓపిక ఉండనిది ఇక్కడే. పోసిన నిమిషంలోనే తుడిచేస్తాం. తర్వాత మంచినీళ్లతో కడిగి, ఆరాకే పిల్లుల్ని లోపలికి రానివ్వాలి. కలిపిన నీళ్లు ఏ రోజుకారోజే. బాత్రూం యాసిడ్‌తో మాత్రం పొరపాటున కూడా కలపొద్దు, విషవాయువు పుడుతుంది. మంత్రిగారు వస్తున్నారంటే రోడ్డు పక్కన ముగ్గులా పొడి బ్లీచింగ్ చల్లుతారే, అలా చల్లడం వల్ల ఒరిగేదేమీ లేదు.

చెక్క అరలు, పరుపులు, గోనెసంచులు, గీతలు పడిన ప్లాస్టిక్ ట్రేలు బ్లీచ్‌కు లొంగవు. వాటి మీద మమకారం వదులుకోండి. మట్టి పెరడునూ కడిగి బాగుచేయలేం. జబ్బు గదికి చీపురు, మగ్గు, చెప్పులు వేరుగా పెట్టండి. ఆరోగ్యంగా ఉన్న కూనల పని ముందు, జబ్బువాటి పని చివర. ఆ ఇంట్లో ఒకటే తుడుపుగుడ్డ రెండు గదులూ తిరిగొచ్చేది.

మిగతా అపోహలకు ఇంత చోటు అక్కర్లేదు. "గడప దాటని పిల్లికి రాదు": గడప దాటేది మీ చెప్పులు. "పసుపునీళ్లు పడితే తగ్గుతుంది": తగ్గదు. "టీకా వేయించాకే జబ్బొచ్చింది": టీకాకు ముందే అంటుకుంది, బయటపడటానికి కొన్ని రోజులు పడుతుంది. "ఒళ్లు కాలుతోంది, పారాసిటమాల్ అర మాత్ర ఇచ్చాం": పార్వో వదిలేసినా అది వదలదు. "ఎవరో విషం పెట్టారు": నిన్న గెంతిన కూన ఇవాళ చచ్చిపడి ఉంటే అలాగే అనిపిస్తుంది. పక్కింటివాళ్ల మీద కేకలేసే ముందు మలం పరీక్ష చేయించండి, కుక్కల పార్వో కిట్టే దీనికీ పనికొస్తుంది. "మనకూ అంటుతుంది": అంటదు. పిల్లి ఎదురొస్తే పది నిమిషాలు ఆగే మనకు ఈ భయం ఒకటి తక్కువైంది.

ఒక్కదాని దగ్గర మాత్రం నేను తగ్గాలి. కుక్కల పార్వో పిల్లులకు వస్తుందన్న మాటను చాలాకాలం కొట్టిపారేశాను. 1978లో బయటపడిన కుక్కల పార్వో వైరస్ నిజానికి ఈ పిల్లి వైరస్‌కు దగ్గరి చుట్టమే. మొదట్లో అది పిల్లుల జోలికి రాలేదు. తర్వాత వచ్చిన రకాలు మాత్రం పిల్లులకూ సోకుతున్నాయి. కాబట్టి కుక్కల వార్డు పక్కనే కూనల బోను పెట్టకూడదన్నవాళ్ల మాటే సరైనది. పిల్లి పార్వోతో కుక్క జబ్బుపడుతుందన్న భయానికి మాత్రం ఆధారం లేదు.

ఇంకో తొందరపాటు గురించి చెప్పకపోతే తప్పవుతుంది. ఆ ఇంట్లో మూడు కూనలు పోగానే, మిగిలినవైనా బతుకుతాయని ఆశ్రయం నడిపే ఆంటీ ఆరింటిని రెండు రోజుల్లో దత్తతకు ఇచ్చేశారు. మంచి మనసుతోనే చేశారు. కానీ ఒక ఇంటి జబ్బు ఆరు ఇళ్లకు బయల్దేరింది. ఒక కూన జబ్బుపడితే ఆ గదిలోంచి బయటికి గానీ, బయటి నుంచి ఆ గదిలోకి గానీ 14 రోజులు ఏ పిల్లీ కదలకూడదు. కొత్త కేసు వస్తే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. బతికి బయటపడిన కూన కూడా ఆరు వారాల దాకా మలంలో వైరస్ వదలొచ్చు. అది గంతులేస్తోందని మిగతావాటితో కలిపేయకండి.

ఇక టీకా. మూడు జబ్బులకు కలిపి వేసే ట్రైక్యాట్‌లో పార్వో కూడా ఉంటుంది. ఆశ్రయంలోకి వచ్చిన పిల్లికి గుమ్మంలోనే పడాలి, వారం తర్వాత కాదు. కూనలకు నాలుగు వారాల వయసు నుంచే మొదలుపెట్టి, రెండేసి వారాలకు ఒకటి చొప్పున 20 వారాలు నిండేదాకా వేయాలి. తల్లి నుంచి వచ్చిన రక్షణ టీకాను పనిచేయనివ్వదు, ఆ రక్షణ ఎప్పుడు తగ్గుతుందో కూనకో లెక్క. ఒక్క సూదితో సరిపెట్టకూడదన్నది అందుకే. చూలు పిల్లుల విషయం డాక్టర్నే అడగండి.

వీధిలో కూనలు కనిపిస్తే అట్టపెట్టెలో పెట్టి, రాత్రివేళ ఆశ్రయం గేటు దగ్గర వదిలి వెళ్లేవాళ్లకు ఒక్క విన్నపం. ముందు ఫోన్ చేయండి. లోపల పార్వో ఉంటే చెబుతారు. రెండు వారాలు మీ బాత్రూంలోనైనా ఉంచుకోండి. అందులో ఫినాయిల్ మాత్రం పోయకండి.