ఒక్క అమ్మాయి కోసమేనా ఆ రైలు?

జపాను ఉత్తరాన, మంచు విపరీతంగా కురిసే హొక్కైడో దీవిలో, క్యూ-షిరతాకి అనే చిన్న స్టేషను ఉండేది. ఒక ప్లాటుఫారం, ఒక చెక్క గది, అంతే! స్టేషను మాస్టరు లేడు, టిక్కెట్లమ్మే కిటికీ లేదు. మరి డబ్బెవరికి ఇవ్వాలంటారా? రైలెక్కగానే అంకె వేసిన చీటీ తీసుకోవాలి. దిగేటప్పుడు డ్రైవరు పక్కనున్న పెట్టెలో ఆ చీటీ, ఛార్జీ వేసి దిగాలి.

2016 జనవరిలో ఒక కథ లోకమంతా పాకింది. హైస్కూలుకు వెళ్ళే ఒకే ఒక్క అమ్మాయి కోసం, ఆమె చదువు ముగిసేదాకా, రైల్వేవారు స్టేషను మూయకుండా ఉంచారట! విన్నవాళ్ళ కళ్ళు చెమర్చాయి. తీరా చూస్తే, కథ చెప్పినవారు స్టేషను పేరే తప్పు చెప్పారు. వారన్నది అదే లైనులోని కామి-షిరతాకి. అమ్మాయి ఎక్కేది క్యూ-షిరతాకిలో. పైగా ఆ రైల్లో ఇతర విద్యార్థులూ వెళ్ళేవారు. జపానులో ఏటా రైళ్ళ టైంటేబిలు మారేదీ, చదువుల సంవత్సరం ముగిసేదీ మార్చిలోనే. కాకతాళీయానికి కథకులు కన్నీరద్దారనిపిస్తుంది.

అయితే అమ్మాయి మాత్రం నిజమే సుమా! చుట్టుపక్కల జనం పలచబడి, ఎక్కేవారే కరువైన ఆ చోట ఆమె కోసం రైలు ఆగిన మాటా నిజమే. 2016 మార్చిలో ఆమె హైస్కూలు ముగించింది. 25వ తేదీ ఆ స్టేషనుకు చివరి రోజు. మర్నాటి నుంచి రైళ్ళు అక్కడ ఆగకుండా సాగిపోయాయి.