బుద్ధియు విశ్వాసమును

ధర్మాధర్మ నిర్ణయమునకు బుద్ధి యొక్కటియే చాలునని చదువుకొన్నవారిలో పెక్కురు తలంచుచున్నారు. ఇరుపక్షముల యుక్తులను త్రాసులో వేసి, బరువైన పక్షమును గ్రహింపవలెనట. ఆ తూనిక న్యాయవాదులకు నిత్యకృత్యము. దానిని మేము తేలికచేయుట లేదు. అయినను కందుకూరి వీరేశలింగము పంతులుగారు జరిపించిన ప్రథమ వితంతు వివాహమును తలచుకొన్నప్పుడెల్ల ఆ త్రాసు ఎంతవరకు పనికివచ్చునో, ఎచ్చట ఆగిపోవునో మాకు స్పష్టముగ కానవచ్చుచున్నది.

హిందూ వితంతువుల పునర్వివాహమును చెల్లుబాటు చేసిన శాసనము 1856వ సంవత్సరమున వెలువడెను. అంతకుముందే ఈశ్వరచంద్ర విద్యాసాగరులు పరాశరస్మృతిని ఆధారముగ చూపి వాదించి యుండిరి. శాసనమును సిద్ధము, యుక్తియు సిద్ధము. అయినను ఇరువదియైదు సంవత్సరముల వరకు రాజమహేంద్రవరమున అట్టి పెండ్లి జరుగలేదు. (మారుమనువు ఆచారముగల కులముల మాట వేఱు.) 1879లో పంతులుగారు ఈ విషయమున ఉపన్యసించి, పండితులతో స్మృతివాక్యములపై తర్కించిరి, తమ వివేకవర్ధని యందును వ్రాసిరి. వారి వాదము సరియే యని ఒప్పుకొన్నవారును, తోడ్పడెదమని మాట ఇచ్చినవారును పట్టణమున లేకపోలేదు.

1881 డిసెంబరు 11వ తేదీన పెండ్లి. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. విద్యార్థులు అండగ నిలిచిరి. కాని వంటవారును, నీళ్లు మోయువారును పని మానిరి. వెలి యనగా ఆ దినములలో మాటలు కాదు. ఇంట పురోహితుడు అడుగుపెట్టడు. ఆడపిల్లలకు సంబంధములు కుదురవు. చావు సంభవించిన మోయువారుండరు. మాట ఇచ్చినవారిలో కొందఱు ముఖము చాటువేసిరి. వచ్చి భుజించినవారిలో కొందఱు పిమ్మట ప్రాయశ్చిత్తము చేయించుకొనిరి.

వారిని పిరికివారని నిందించుట సులభము. మేము నిందింపజాలము, లెక్క చూచిన వారి లెక్కయే సరియైనది. నష్టము రేపటిది, నిశ్చయమైనది. లాభమో, ఎప్పటికి కలుగునో, ఎవరికి కలుగునో తెలియనిది. ఫలము కంటికి కనబడని యెడ బుద్ధి మిక్కిలి చతురముగ వాయిదాలు కోరును, మా వృత్తిలోనివారివలెనే. అట్టి యెడ అడుగు ముందునకు వేయించినది వేఱొక శక్తి. పంతులుగారు 1878లోనే రాజమహేంద్రవరమున ప్రార్థన సమాజమును స్థాపించిన భక్తులు. పసిబిడ్డ జీవితాంతము శోకింపవలెనని దయామయుడైన ఈశ్వరుడు విధించి యుండడని వారు నమ్మిరి. ఆ నమ్మికను ఏ సాక్ష్యముచేతను రుజువుపఱుపలేము.

అయిన, ఎదిరించిన పండితులకు విశ్వాసము లేకపోయెనా? ఉండెను, బహుశః మెండుగనే యుండెను. ఆ విశ్వాసమే ఆ బిడ్డలకు శిక్ష విధించినది. కావుననే పంతులుగారు విశ్వాసమును మాత్రము చేతబట్టుకొని బయలుదేరక, రెండేండ్లు గ్రంథములు తిరుగవేసి, ఎదిరిపక్షమువారి ప్రతి యాక్షేపణకును సమాధానము చెప్పిరి. ఆ శ్రమ వ్యర్థము కాలేదు. అది లేనిచో వారి పట్టుదలకును, ఎదిరివారి పట్టుదలకును భేదమేమని అడుగువానికి మేము బదులు చెప్పజాలకుందుము.

నీళ్లు మోయువారు మానిన ఆ దినములలో పంతులుగారి ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీళ్లు మోసి తెచ్చి, వంటచేసి పెండ్లివారికి వడ్డించిరి. సభలలో వాదించినది భర్త. బిందె ఎత్తుకొన్నది ఆమె. ఆ వాదమును విని, సరియే యని తలయూపి, తలుపులు మూసికొన్నవారిలో ఆమెకంటె ఎక్కువ చదివినవారు పలువురుండిరి.