ఒకటో తారీఖు రాలేదు!

ఒకటో తారీఖు వచ్చింది. జీతం రాలేదు. ఐదు దాటింది, పది దాటింది... అడిగితే 'పైనుంచి డబ్బులు రావాలి, కాస్త ఓపిక పట్టండి' అన్నారు. పాలవాడికి ఏదో ఒకటి చెప్పొచ్చు. ఇంటి ఓనరుకీ సర్దిచెప్పొచ్చు. మరి బ్యాంకు వాయిదా? అది ఆగదే!

ఇలా రెండు మూడు నెలలు చూసి, చివరికి లేబర్ ఆఫీసు మెట్లెక్కిన ప్రైవేటు ఉద్యోగికి ఒకప్పుడు తేలాల్సిన మొదటి లెక్క... 'జీతం ఎంత?'

ఎందుకంటే, 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం అందరిదీ కాదు. నెల జీతం 2005లో రూ.6,500, 2007లో రూ.10,000, 2012లో రూ.18,000, 2017లో రూ.24,000... ఈ గీత దాటితే ఆ చట్టం కింద ఫిర్యాదు చెల్లేది కాదు. పోనీ, 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ఉందిగా అంటే అక్కడ మరో మెలిక. మేనేజర్లు దాని పరిధిలోకి రారు. చేసేది గుమాస్తా పనే అయినా, విజిటింగ్ కార్డు మీదున్న 'మేనేజర్' అన్న మాటే యజమానికి కవచమయ్యేది. హోదా పేరు కాదు, చేసే పని చూడాలని కోర్టులు చెప్పినా, అది తేలేలోగా పుణ్యకాలం గడిచిపోయేది.

గీత చెరిగింది

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ఆ జీతం గీతను చెరిపేసింది. సూపర్‌వైజరైనా, మేనేజరైనా నెల జీతం మరుసటి నెల 7వ తేదీలోగా అందాలి. రాజీనామా చేసినా, తీసేసినా బకాయి రెండు పనిదినాల్లో చేతికి రావాలి. ఫిర్యాదుకు మూడేళ్ల గడువుంది. జీతం ఇచ్చేశానని నిరూపించుకోవాల్సింది యజమానే. బకాయితోపాటు దానికి పదిరెట్ల దాకా పరిహారం ఇప్పించే అధికారమూ విచారణాధికారికి ఉంది.

అలాగని అన్ని తలుపులూ తెరుచుకోలేదు. ఉద్యోగంలోంచి తీసేయడం లాంటి వివాదాలను చూసే పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో మేనేజర్లూ, రూ.18,000 దాటిన సూపర్‌వైజర్లూ ఇప్పటికీ 'కార్మికులు' కారు.

అందుకే నియామక పత్రం, పే స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంటు, 'వచ్చే నెల ఇస్తాం' అన్న మెయిళ్లు... అన్నీ భద్రంగా దాచుకోవాలి. ఆఫీసు మెయిల్లో ఉన్నవాటికి ప్రింటు తీసి పెట్టుకోవాలి. మొహమాటపడి నోటిమాటగా అడిగే కన్నా కాగితం మీద అడగడం మేలు.

చేసిన పనికి జీతం అడగడం చేయి చాచడం కాదు... హక్కు!