తలసీమియాకు మూలుగ మార్పిడే విరుగుడు
తోబుట్టువు కణాలు కుదిరితే రక్తం ఎక్కించే బాధ తప్పుతుంది.. జాప్యం చేస్తే ప్రమాదం పెరుగుతుంది

బోధన్: పుట్టినప్పుడు బొద్దుగా ఉన్న బిడ్డ ఆరు నెలలు నిండేసరికి పాలిపోవడం మొదలవుతుంది. పాలు సరిగా తాగదు, బరువు పెరగదు, పొట్ట మాత్రం ఉబ్బుతుంది. రక్తహీనత అనుకుని ఇనుము మందు వాడినా ఫలితం కనిపించదు. చివరకు నిజామాబాద్‌లోనో, హైదరాబాద్‌లోనో పరీక్ష చేయిస్తే తలసీమియా మేజర్ అని తేలుతుంది. నాటి నుంచి రెండు, నాలుగు వారాలకొకసారి బిడ్డకు రక్తం ఎక్కించవలసిందే.

శక్కర్‌నగర్‌లో 1937లో వెలసిన నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. నెల జీతం పోయిన ఇళ్లకు, కౌలు సేద్యం, బీడీల పని, గల్ఫ్ వలసల మీద నెట్టుకొస్తున్న కుటుంబాలకు ఈ జబ్బు మోయలేని భారం. బోధన్ నుంచి నిజామాబాద్ సుమారు 25 కిలోమీటర్లు. అక్కడి నుంచి హైదరాబాద్ మరో 175 కిలోమీటర్ల దూరం. వెళ్లిన ప్రతిసారీ ఒక రోజు కూలి పోతుంది. జీవితాంతం ఇంతేనా, దీని నుంచి బయటపడే దారి లేదా అన్నది తల్లిదండ్రుల ప్రశ్న. దారి ఉంది. అదే ఎముక మూలుగ మార్పిడి. అయితే అది అందరికీ కుదరదు, కుదిరిన వారికీ ఎల్లకాలం అందుబాటులో ఉండదు.

రక్తం పోస్తే మరో ముప్పు

రక్తంలోని ఎర్రకణాలు ఎముకల లోపలి మూలుగలో తయారవుతాయి. ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్ తయారీకి అవసరమైన జన్యువు తలసీమియా పిల్లల్లో లోపించి ఉంటుంది. పుట్టిన ఎర్రకణం నిలవదు. బయటి రక్తమే ఆధారం.

ఒక్కో రక్తపు సంచి ద్వారా 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము శరీరంలోకి చేరుతుంది. దాన్ని బయటకు పంపే ఏర్పాటు మన దేహంలో లేదు. పేరుకున్న ఇనుము గుండెను, కాలేయాన్ని, ఎదుగుదలకు తోడ్పడే గ్రంథులను దెబ్బతీస్తుంది. అందుకే డెఫెరాసిరాక్స్ వంటి ఇనుమును తొలగించే మందులు నిత్యం వాడాలి. బిడ్డ హుషారుగా ఉందని మందు ఆపేస్తే నష్టం పైకి కనిపించకుండా లోపల పెరుగుతుంది.

మార్పిడి ఎలా చేస్తారు?

లోపమున్న మూలుగను శక్తిమంతమైన మందులతో తొలగించి, ఆరోగ్యవంతుని మూలకణాలను ఎక్కించడమే మార్పిడి. పేరు విని పెద్ద ఆపరేషన్ అని భయపడే వారు ఎక్కువ. దాతకు మత్తుమందు ఇచ్చి తుంటి ఎముక నుంచి సూదితో మూలుగ తీస్తారు. ఎముక కోయరు. తీసిన మూలుగ కొద్ది వారాల్లో దాతలో తిరిగి తయారవుతుంది. రోగికి దాన్ని రక్తం మాదిరిగానే నరం ద్వారా ఎక్కిస్తారు. ఆ కణాలు ఎముకల్లోకి చేరి రెండు నుంచి నాలుగు వారాల్లో పని మొదలుపెడతాయి.

అసలు గండం ఈ మధ్యకాలంలోనే. రోగనిరోధక శక్తి అడుగంటి ఉంటుంది కనుక చిన్న ఇన్ఫెక్షన్ కూడా ప్రాణాంతకం కావచ్చు. దాత కణాలు రోగి శరీరాన్నే పరాయిదిగా భావించి దాడి చేసే అవకాశమూ ఉంది. అందుకే సుమారు వంద రోజులు ఆసుపత్రికి దగ్గరలో నివాసం ఉండాలి. ఆ తరువాత కూడా నెలల తరబడి మందులు వాడాలి.

మూలుగ మార్పిడిపై పరిశోధనలకు అమెరికా వైద్యుడు డొనాల్ థామస్ 1990లో నోబెల్ బహుమతి అందుకున్నారు. మన దేశంలో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల 1986లోనే ఈ చికిత్స ఆరంభించింది. హైదరాబాద్ నిమ్స్‌లోనూ మూలుగ మార్పిడులు జరుగుతున్నాయి. చిన్న వయసులో, కాలేయం చెడకముందు, సరిపోయిన తోబుట్టువు నుంచి మూలుగ తీసుకుంటే నూటికి 85 నుంచి 90 మంది వరకు కోలుకుంటున్నారు. కాలేయం వాచి, గట్టిపడి, ఇనుమును తొలగించే మందులు సక్రమంగా వాడని పిల్లల్లో ఈ ఫలితం తగ్గుతుంది. చికిత్సను వాయిదా వేయరాదని వైద్యులు చెప్పేది ఇందుకే.

నలుగురిలో ఒకరికే పోలిక

దాతకు, రోగికి రక్తం గ్రూపు కలిస్తే చాలదు. కణాలపై ఉండే హెచ్‌ఎల్‌ఏ గుర్తులు కలవాలి. ఒకే తల్లిదండ్రుల బిడ్డల్లో ఒక్కొక్కరితో ఇవి పూర్తిగా కలిసే అవకాశం నూటికి 25. ఆ తోబుట్టువుకు తలసీమియా మేజర్ ఉండరాదన్నదీ లెక్కలోకి తీసుకుంటే నూటికి సుమారు 19 మాత్రమే. తోబుట్టువు కేవలం వాహకుడైతే దాతగా పనికి వస్తాడు. తండ్రి గల్ఫ్‌లో ఉన్నాడని పరీక్ష ఆపనక్కరలేదు. ముందుగా కావలసింది తోబుట్టువుల నమూనాయే.

ఇంట్లో దాత దొరకకపోతే స్వచ్ఛంద దాతల జాబితాలు ఉన్నాయి. చెన్నై కేంద్రంగా 2009లో ఏర్పడిన దాత్రి సంస్థ అటువంటిదే. బుగ్గ లోపలి నుంచి దూదితో తీసిన నమూనాతో పేరు నమోదు చేసుకోవచ్చు. తల్లి లేదా తండ్రి నుంచి సగం పోలికతో చేసే మార్పిడి కూడా వచ్చింది. అయితే దానిలో ఖర్చు, ప్రమాదం రెండూ ఎక్కువే.

మరొక జాగ్రత్త చాలా కుటుంబాలకు తెలియదు. మార్పిడి చేయించాలనుకునే బిడ్డకు తల్లిదండ్రులు, తోబుట్టువులు, దగ్గరి బంధువుల రక్తం ఎక్కించరాదు. ఆ కణాలకు వ్యతిరేకంగా బిడ్డ శరీరం ముందే సిద్ధమై, తరువాత అదే కుటుంబం నుంచి వచ్చే మూలుగను తిరస్కరించవచ్చు.

సాయం ఎక్కడ?

తోబుట్టువు దాతగా ఉన్నా మార్పిడికి పది లక్షల రూపాయలు, ఆపైన ఖర్చవుతుంది. సరిపోయిన కుటుంబ దాత ఉన్న పేద పిల్లలకు గరిష్ఠంగా రూ.10 లక్షల వరకు సాయం అందించేందుకు కోల్ ఇండియా సంస్థ 2017లో తలసీమియా బాల సేవా యోజన ప్రారంభించింది. వయసు, ఆదాయ నిబంధనలను చికిత్స చేసే ఆసుపత్రిలోనే విచారించాలి. రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో రూ.10 లక్షలకు పెరిగింది. ఏ చికిత్స ఏ ఆసుపత్రిలో వర్తిస్తుందో ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోవచ్చు. హైదరాబాద్‌లో 1998లో ఏర్పడిన తలసీమియా, సికిల్‌సెల్ సొసైటీ పిల్లలకు రక్తమార్పిడి సేవలు అందిస్తోంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోనూ తలసీమియాకు చోటు దక్కింది.

మాయమాటలు నమ్మవద్దు

మూలకణాలతో సర్వరోగాలూ పోతాయని ప్రచారం చేసే వారి పట్ల అప్రమత్తంగా ఉండాలి. మూలుగ మార్పిడి వంటి నిరూపిత చికిత్సలు మినహా మిగిలినవన్నీ పరిశోధన దశలోనే ఉన్నాయని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల్లో స్పష్టం చేసింది. పరిశోధన పేరుతో రోగి నుంచి డబ్బు వసూలు చేయరాదు. బొడ్డుతాడు రక్తాన్ని రుసుము కట్టి దాస్తే రేపు బిడ్డకే పనికొస్తుందన్న మాట కూడా తలసీమియా విషయంలో చెల్లదు. బిడ్డ మూలుగలో ఉన్న లోపమే ఆ బొడ్డు రక్తంలోనూ ఉంటుంది.

పెళ్లికి ముందే పరీక్ష

తల్లి, తండ్రి ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నూటికి 25. మొదటి బిడ్డకు వచ్చింది కనుక రెండో బిడ్డకు రాదనుకోవడం పొరపాటు. వాహకులకు ఏ బాధా ఉండదు. కొద్దిపాటి రక్తహీనత ఉన్నా అందరికీ ఉండేదేనని వదిలేస్తారు. మేనమామతోనో, మేనబావతోనో పెళ్లి జరిగే కుటుంబాల్లో ఇద్దరూ వాహకులయ్యే ముప్పు మరింత ఎక్కువ. మేనరికం లేని చోట రాదనీ చెప్పలేం.

హెచ్‌బీఏ2 రక్త పరీక్షతో వాహకులను గుర్తించవచ్చు. పెళ్లికి ముందు చేయించుకుంటే మేలు. లేకుంటే గర్భం దాల్చిన తొలి వారాల్లోనే చేయించాలి. ఇద్దరూ వాహకులని తేలితే పది, పన్నెండు వారాల మధ్య గర్భస్థ శిశువుకు పరీక్ష జరిపే వీలుంది. అనుమానమున్న పసిబిడ్డకైతే తొలిసారి రక్తం ఎక్కించక ముందే నమూనా తీయాలి. ఎక్కించాక తీస్తే దాత రక్తం కలిసి ఫలితం తారుమారవుతుంది.

జబ్బు బయటపడిన ఇంట్లో ముందుగా చేయవలసిన పనులు మూడు. తోబుట్టువులందరికీ హెచ్‌ఎల్‌ఏ పరీక్ష చేయించాలి. ఇనుమును తొలగించే మందు ఒక్క రోజూ మానకూడదు. మరో కాన్పు తలపెట్టే ముందు వైద్యుని సంప్రదించాలి. రక్తం కొరత తీర్చడం మాత్రం ఊరందరి పని. చుట్టాల రక్తం పనికిరాని ఈ పిల్లలకు ముక్కూమొహం తెలియని దాతలే దిక్కు.