చక్రమును పట్టియుంచు చీలలు



ఎద్దుబండి తోలువాడు బయలుదేరుటకు ముందు ఇరుసు కొననున్న కడచీలను చేతితో తడవి చూచుకొనును. సంస్కృతమున దానినే ఆణి యందురు. వ్రేలెడు ఇనుపముక్క, అది జారెనా, చక్రమొక దారి, బండియొక దారి. మోటారుకారునకు అట్టి చీలలు చక్రమునకు నాలుగో అయిదో ఉండును. వానిని స్టడ్డులందురు. ఛందస్సు చెప్పుకొని బ్రతికిన నాకు ఈ విద్య నేర్పినది నా పాత అంబాసిడరు. ఆ కార్ల తయారీ 2014లో ఉత్తరపారాలో నిలిచిపోయినది గాని, నా బండి నిలువలేదు. దాని నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే.

ఒక వర్షాకాలమున త్రోవలో పంక్చరు వేసిన కుర్రవాడొకడు నట్లను వంకరగా ఎక్కించి, పానాపై నిలిచి త్రొక్కి బిగించెను. గట్టిగా బిగించుటయే మేలని నేనును సంతసించితిని. కొన్నాళ్లకు వెనుకచక్రమునుండి టకటకమని చప్పుడు. ఆ దినము బండిలో నా మనుమరాలు ఉన్నది. దిగి చూడగా రెండు చీలలు విరిగినవి, మూడవదాని మరచుట్లు అరిగినవి. ఇంకొక మైలు పోయియుండినచో ఏమగునో తలచుకొన నిప్పటికిని ఒడలు జలదరించును.

కారు బరువును ఈ చీలలే మోయుచున్నవని పలువురు తలతురు. అది సరికాదు. బిగించిన నట్టు చీలను రవంత సాగదీయును. ఆ సాగిన చీల వింటినారివలె చక్రమును డ్రమ్ము ముఖమునకు అదిమిపట్టును. బరువును మోయునది ఆ ఒరపిడియే. నట్టు వదులైనచో చక్రము కదలుచు చీలను మాటిమాటికి అటునిటు వంచును. వంగి వంగి లోహమలసి విరుగును. అతిగా బిగించినచో చీల తిరిగి రానంతగా సాగి, బిగువు చచ్చును. కనుక ఒకటి విరిగినప్పుడు, దాని పాలు మోసిన తక్కినవియు అలసినవే యని యెంచి, ఆ చక్రపు చీలలన్నింటిని మార్చుట మేలు. వెల స్వల్పమే.

ఇక పని. బండిని చదునైన గట్టినేలపై నిలిపి, చక్రము నేలనుండగానే నట్లను కొంచెము వదులు చేయవలెను. వెనుక డ్రమ్ము ఊడదీయునప్పుడు చేతిబ్రేకు వదలక తప్పదు. కావున ముందుచక్రములకు ఇరువైపుల దిమ్మలు పెట్టుట మరువరాదు. జాకీ ఎత్తుటకే గాని మోయుటకు గాదు. ఎత్తినపిమ్మట ఇరుసు క్రింద గట్టి స్టాండు నిలుపవలెను.

డ్రమ్ములు రెండు తెఱగులు. కొన్నింట చిన్నమరలు విప్పగనే డ్రమ్ము చీలలమీదుగా జారి వచ్చును. కొన్నింట హబ్బును బేరింగులును డ్రమ్ముతో కలిసియుండును. అట్టివి నేర్పరికి ఒప్పగించుడు. డ్రమ్ము రానని మొండికేసినచో, లోపలి షూలు అరుగుడు గాడిలో తగులుకొన్నవని తెలిసికొని, సర్దుబాటు మరను వెనుకకు త్రిప్పి కొయ్యసుత్తితో చుట్టును తట్టవలెను. లోపలి నల్లని ధూళిని నోటితో ఊదరాదు. పాత షూలలో ఆస్బెస్టాసు ఉండెడిది. అది ఊపిరితిత్తులకు విషము. తడిగుడ్డతో తుడువుడు. డ్రమ్ము తీసియుండగా ఎవ్వరును బ్రేకు త్రొక్కరాదు. త్రొక్కినచో సిలిండరులోని పిస్టనులు వెలికురుకును.

చీల మెడపై సన్నని పలుగాట్లుండును. అవి హబ్బు రంధ్రమును కరచియుండును. పాతదానిని వెనుకకు కొట్టి తీయునప్పుడు, వెనుక పళ్లెము అడ్డుపడకుండ హబ్బును ఖాళీ గల చోటికి త్రిప్పుకొనవలెను. మోటుదెబ్బలు బేరింగులకు చేటు.

క్రొత్తదానిని పాతదానితో సరిపోల్చి చూడుడు: పొడవు, లావు, మరచుట్ల సన్నదనము, పలుగాట్ల చుట్టుకొలత, అన్నియు ఒకటి కావలెను. దానిని వెనుకనుండి దూర్చి, ముందువైపున నాలుగైదు వాషరులు పేర్చి, వానిపై రవంత నూనె రాచి, పాత నట్టును చదునువైపు లోపలికుండునట్లు ఎక్కించి మెల్లగా బిగించుచు లాగవలెను. తల హబ్బును పూర్తిగా ఆనినదో లేదో వెనుకనుండి చూడవలెను. తొందరపడువారు చక్రమునే తగిలించి నట్టుతో లాగుదురు. అట్లు సగము చేరిన చీల త్రోవలో లోనికి జారి, నట్టు వదులగును. లాగిన నట్టును పారవేయుడు.

ఒక్క మాట. కొన్ని పాత డాడ్జి, ప్లిమత్ కార్లకు ఎడమప్రక్క చీలల మర ఎదురుచుట్టు. అది తెలియక బలము చూపి చీలలను విరిచిన మల్లులు కలరు.

చక్రము తగిలించునప్పుడు నట్లను మొదట వ్రేళ్లతోనే ఎక్కించుడు. మరలపై నూనె వలదు. నూనెయున్నచో చేతికి తెలియకయే బిగువు మితిమీరును. ఎదురెదురుగా కొంతకొంత బిగించి, బండిని దింపినపిమ్మట కారు పుస్తకమున చెప్పిన కొలతకు టార్కు పానాతో ముగింపుడు. బ్రేకు సర్దుబాటును మరల సరిచేసి, త్రొక్కి చూచి మెల్లగా నడుపుడు. నూరు కిలోమీటర్లు పోకముందే నట్లను మరొకసారి పరీక్షింపుడు. నేను ఏబదికే పరీక్షించితిని. ఒకటి పావుచుట్టు తిరిగినది.