చిట్టి చెవులకు శుభవార్త

స్టూడియోలో ఒకాయన రెండు కొబ్బరి చిప్పల్ని బల్లమీద టకటకలాడిస్తాడు. రేడియో ముందు కూర్చున్న పిల్లాడికి మాత్రం ఎడారిలో గుర్రం పరుగెడుతూ ఉంటుంది. ఆ గుర్రం రంగేమిటో, దానిమీద ఉన్న రాజు ఎలా ఉంటాడో ఎవరూ చెప్పక్కర్లేదు. వాడే ఊహించుకుంటాడు. అదీ రేడియో మహిమ! ఆ మహిమను నమ్ముకునే బైబిలు కథలు ఎనభై ఏళ్లకు పైగా పిల్లల చెవిన పడుతున్నాయి. అయితే ఆ ప్రయాణమేమీ నల్లేరు మీద నడక కాదు.

నాటకం... పెద్ద రగడ!

1940. ఓపక్క రెండో ప్రపంచ యుద్ధం. బ్రిటన్‌లో బీబీసీ మత కార్యక్రమాల అధిపతి జేమ్స్ వెల్చ్‌కు ఓ ఆలోచన వచ్చింది. పిల్లల కోసం వచ్చే 'చిల్డ్రన్స్ అవర్'లో క్రీస్తు జీవితాన్ని నాటకంగా ప్రసారం చేస్తే? రాసే బాధ్యతను డిటెక్టివ్ నవలలతో పేరు తెచ్చుకున్న డొరొతీ ఎల్. సేయర్స్‌కు అప్పగించారు.

చిక్కంతా అక్కడే మొదలైంది. ఆమె రాసిన జాలర్లు జాలర్లలాగే మాట్లాడారు. సుంకరి సుంకరిలాగే బేరాలాడాడు. పాతకాలపు గ్రాంథికం ఎక్కడా లేదు. 'ఇది పిల్లలకు అర్థం కాదు, కాస్త మార్చండి' అని పిల్లల విభాగం వాళ్లు అడిగితే ససేమిరా అన్నారు సేయర్స్. మాటామాటా పెరిగి ఒప్పంద పత్రాన్ని చించి పంపేశారు కూడా. చివరికి నిర్మాణ బాధ్యత నాటక విభాగానికి చెందిన వాల్ గీల్‌గుడ్ చేతికి వచ్చాకే పని ముందుకు సాగింది.

1941 డిసెంబరులో విలేకరుల ముందు కొన్ని సన్నివేశాలు చదివి వినిపించారామె. మర్నాటి నుంచీ పత్రికల్లో ఒకటే గోల. క్రీస్తు కథను వీధి భాషలోకి దించుతారా అంటూ కొన్ని సంఘాలు మండిపడ్డాయి. ప్రధాని చర్చిల్‌కు వినతులు వెళ్లాయి. పార్లమెంటులోనూ ప్రశ్న వచ్చింది. అప్పట్లో అక్కడ రంగస్థలం మీద క్రీస్తు పాత్రను చూపడానికి అనుమతి లేదు. రేడియోలో మనిషి కనిపించడు కదా... ఆ వెసులుబాటే నాటకాన్ని బతికించింది.

'ద మ్యాన్ బార్న్ టు బి కింగ్' తొలి భాగం 1941 డిసెంబరు 21న ప్రసారమైంది. మొత్తం పన్నెండు భాగాలు. 1942 అక్టోబరు దాకా సాగాయి. క్రీస్తుకు గొంతు ఇచ్చింది రాబర్ట్ స్పైట్. వద్దన్నవాళ్ల ప్రచారమే ఉచిత ప్రకటనగా మారి, ఎప్పుడూ విననివాళ్లు కూడా రేడియో పెట్టుకున్నారు. మెచ్చుకుంటూ బోలెడు ఉత్తరాలు వచ్చాయి. పిల్లలకు పవిత్రమైన కథ చెప్పాలంటే గంభీరమైన భాషే అక్కర్లేదని, బతికున్న మనుషుల మాట చాలని ఆ నాటకం నిరూపించింది.

అక్కడ అంకుల్... ఇక్కడ అన్నయ్య

అదే 1942లో అమెరికాలోని గ్రాండ్ ర్యాపిడ్స్‌లో 'చిల్డ్రన్స్ బైబిల్ అవర్' మొదలైంది. పాటలు, కథలు, కబుర్లు. దానితో ఎన్నో ఏళ్లు పెనవేసుకుపోయిన చార్లెస్ వాండర్‌మీర్‌ను పిల్లలంతా 'అంకుల్ చార్లీ' అనే పిలిచేవారు. ఇది వింటే మనకు ఎవరు గుర్తొస్తారు? న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులే. ఆకాశవాణిలో వాళ్లు మన పిల్లలకు 'రేడియో అన్నయ్య', 'రేడియో అక్కయ్య'. వీళ్లది మత కార్యక్రమం కాదు. కానీ పిల్లలకు రేడియోలో కావలసింది ఉపన్యాసం కాదు, ఓ చుట్టం అన్న సంగతి రెండుచోట్లా ఒకటే!

ఐస్‌క్రీం తాతయ్య

ఆ చుట్టరికం ఎంత గట్టిదో 'అడ్వెంచర్స్ ఇన్ ఒడిస్సీ' చెబుతుంది. 'ఫోకస్ ఆన్ ది ఫ్యామిలీ' అనే సంస్థ 1987లో దీన్ని ప్రారంభించింది. ఒడిస్సీ అనేది ఓ ఊహల ఊరు. అక్కడ జాన్ ఎవరీ విటకర్ అనే పెద్దాయన ఐస్‌క్రీం దుకాణం నడుపుతుంటాడు. ఆయన తయారుచేసిన యంత్రంలో కూర్చుంటే పిల్లలు బైబిలు కాలానికి వెళ్లిపోతారు. అబద్ధాలు, అసూయ, స్నేహితుల గొడవలు... అన్నీ అక్కడ కథలే. యూజీన్ అనే మేధావి కుర్రాడైతే ఏళ్ల తరబడి దేవుణ్ని నమ్మకుండానే అందరితో కలిసి తిరిగాడు. సందేహించేవాణ్ని వెళ్లగొట్టకుండా కథలో చోటిచ్చారన్నమాట.

విటకర్ గొంతు హాల్ స్మిత్‌ది. 1994 జనవరిలో ఆయన కన్నుమూశారు. వారం వారం ఆ గొంతు కోసం ఎదురుచూసే పిల్లలకు ఏం చెప్పాలి? వెంటనే మరో నటుణ్ని తేలేదు. పనిమీద మధ్యప్రాచ్యానికి వెళ్లినట్లు కథ నడిపి, పాత్రను దూరంగా ఉంచారు. 1996లో పాల్ హెర్లింగర్ గొంతుతో తాతయ్య తిరిగొచ్చాడు. పెద్దలు గొంతు మారిందని సర్దుకుపోతారు. పిల్లలు అలా కాదు... దానికి సమయం కావాలి. ఆ సమయం ఇచ్చారు కాబట్టే ఆ ఊరు నిలిచింది. ఇప్పటికి 900కు పైగా భాగాలయ్యాయి.

తరంగాలు మారినా...

తెలుగులో క్రైస్తవ ప్రసారాలు చాలాకాలం సముద్రాల అవతలి నుంచే వచ్చాయి. మనీలాలోని రేడియో వెరితాస్ ఆసియా షార్ట్‌వేవ్‌లో తెలుగు కార్యక్రమాలు అందించేది. ముల్లును కాస్త అటూ ఇటూ తిప్పుతూ, గరగర శబ్దాల మధ్య వినడం నిన్నటి ముచ్చట. 2018లో ఆ సంస్థ షార్ట్‌వేవ్ ఆపేసి ఇంటర్నెట్ బాట పట్టింది. ఒడిస్సీ కథలూ 2014 నుంచి ఆన్‌లైన్ క్లబ్బు ద్వారా పిల్లల్ని చేరుతున్నాయి.

సౌలభ్యం పెరిగింది. కానీ ఓ చిన్న నష్టమూ ఉంది. అప్పుడు ఒక్క రేడియో చుట్టూ ఇల్లంతా చేరేది. ఇప్పుడు ఎవరి చెవిలో వాళ్లకే వినపడుతోంది. ఏ మతం కథైనా, ఏ నీతి కథైనా సరే... పిల్లలు వినేటప్పుడు పక్కన కాసేపు కూర్చోండి. కథ అయ్యాక వాళ్లు అడిగే 'ఎందుకు?' అన్న ప్రశ్నకు జవాబు రేడియో చెప్పదు. చెప్పాల్సింది మీరే!